రెండు కుక్కలతో ఆర్‌వీలో ఎల్లోస్టోన్: వెళ్లొచ్చు, కానీ ఈ ప్లాన్‌తో కాదు

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా తెలియాలి కదా. డాలస్ నుంచి జూలైలో రెండు వారాల సెలవు. అద్దెకి తీసుకున్న ఆర్‌వీ, అంటే లోపలే పడక, వంట ఉండే బండి: డ్రైవర్ పైన కూడా మంచం ఉండే క్లాస్ సి మోటార్‌హోమ్. మీరిద్దరు, పదిహేనేళ్ల అబ్బాయి, తొమ్మిదేళ్ల లాబ్రడార్, ఏడాదిన్నర బీగిల్. ఎల్లోస్టోన్ చూసి రావాలి, దారిలో తొమ్మిది క్యాంప్‌గ్రౌండ్‌లు. కుక్కలు ఆర్‌వీలో ఇమడగలవా, మీరు ఊరు చూడ్డానికి వెళ్తే వాటిని లోపల వదిలేయొచ్చా, రాత్రుళ్లు మొరిగి పక్క సైట్ల వాళ్లతో తిట్టిస్తాయా, అసలు కుక్కలతో వెళ్తే మనకి విశ్రాంతి అనేది ఉంటుందా? ఇవీ మీ సందేహాలు.

వెళ్లండి. రెండూ హాయిగా ఉంటాయి, మీరూ ఉంటారు. అయితే మూడు మార్పులు చేసుకోవాలి. తొమ్మిది మకాములు వద్దు, నిజంగా దిగి ఉండేవి మూడు చాలు. మధ్యలో పడుకుని లేచి పోయే రాత్రులు వేరే లెక్క. కరెంటు పోయిన సంగతి మీ ఫోన్‌కి తెలిసే ఏర్పాటు లేకుండా ఎండపూట కుక్కల్ని లోపల వదలొద్దు, ఏసీ ఎంత చల్లగా ఉన్నా సరే. మూడోది, ఎల్లోస్టోన్ పార్కు లోపల కాకుండా పక్కనున్న నేషనల్ ఫారెస్ట్‌లోనో, దాని అంచునున్న ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌లోనో దిగండి.

మేం చాలా ఏళ్లు ట్రావెల్ ట్రైలర్‌తో (బండి వెనకాల కట్టి లాగేది) తిరిగి, తర్వాత క్లాస్ సికి మారాం. కుక్కలు లేకుండా వెళ్లిన సందర్భం లేదు. కాబట్టి కింద రాసేదంతా మాకు పనికొచ్చిన పద్ధతి. మీ కుక్కల స్వభావాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ చేసుకోండి.

మకాములు ఎందుకు తగ్గించాలంటే, కుక్కకి కొత్త చోటంటే పనే. మనం కుర్చీ వేసుకుని కొండల్ని చూస్తుంటాం. అది మాత్రం ఆ సైట్‌లో ఇంతకుముందు ఎవరెవరి కుక్కలు ఉండి వెళ్లాయి, రాత్రి ఏ జంతువు దాటింది, పక్కవాళ్లు ఏం కాలుస్తున్నారు అన్నీ ముక్కుతో ఆరా తీస్తూ ఉంటుంది. మొదటి సాయంత్రం దానికి కునుకు ఉండదు. ప్రతి చప్పుడుకీ చెవులు లేస్తాయి. రెండో రోజు మధ్యాహ్నానికి గానీ ఒళ్లు వదిలి పడుకోదు. మీరు రోజూ చోటు మారిస్తే రెండు వారాలూ మొదటి సాయంత్రమే అవుతుంది. క్యాంప్‌గ్రౌండ్‌లో మొరిగే కుక్కల్లో సగం చెడ్డ కుక్కలు కావు, నిద్ర చాలని కుక్కలు.

ఆర్‌వీ వాళ్లలో 3-3-3 అని ఒక లెక్క ఉంది: రోజుకి 300 మైళ్లు దాటకు, మధ్యాహ్నం 3 గంటలకల్లా దిగు, దిగిన చోట కనీసం 3 రోజులు ఉండు. డాలస్ నుంచి ఎల్లోస్టోన్ 1,300 మైళ్ల పైమాటే కాబట్టి మీరు వెళ్లే రోజుల్లో మొదటి అంకె నిలబెట్టుకోలేరు. దారిలో టెక్సస్‌లోనే ఉన్న అమరిల్లోకే 360 మైళ్లు ఉంది. మైళ్లు తప్పినా పర్వాలేదు గానీ రెండోది మాత్రం వదలకండి. వెలుతురు ఉండగా చేరడం కుక్కలున్నవాళ్లకి ఎంత ముఖ్యమో, చీకట్లో టార్చ్ పట్టుకుని వెనక్కి పార్క్ చేస్తూ, లోపల రెండు కుక్కలు కిటికీలకి అడ్డంపడి అరుస్తుంటే అర్థమవుతుంది. తెల్లవారుజామున 5కే బయలుదేరండి. రెండు గంటలకోసారి ఆపి, దింపి, నీళ్లు పట్టి, పది నిమిషాలు నడిపించండి. ముసలి లాబ్రడార్‌కి కీళ్లు బిగుసుకోకుండా ఉండడానికి అది తప్పదు.

దారి ఇలా అనుకోవచ్చు. మొదటి రాత్రి అమరిల్లో పరిసరాల్లో, ఫుల్ హుక్అప్ (బండికి కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు) ఉన్న చోట, ఊరికే పడుకోడానికి. అక్కడ పాలో డ్యూరో కాన్యన్ ఉంది, అందమైన చోటు, స్టేట్ పార్కు కాబట్టి లీష్‌తో కుక్కల్ని రానిస్తారు. కానీ జూలైలో లోయ అడుగున 100 డిగ్రీల ఫారన్‌హీట్ (కింద రాసే డిగ్రీలన్నీ ఫారన్‌హీటే) దాటడం మామూలే, ఆ ముసలిదాన్ని అక్కడ నడిపించకండి. తర్వాత దక్షిణ కొలరాడోలో గ్రేట్ శాండ్ డ్యూన్స్ దగ్గర రెండు మూడు రాత్రులు. పెద్ద నేషనల్ పార్కుల్లో కుక్కలతో నిజంగా ఆనందించగలిగే అతి కొద్ది వాటిలో అదొకటి. ముందున్న ఇసుక తిన్నెల మీదికి, మొదటి ఎత్తైన గట్టు వరకు, లీష్‌తో తీసుకెళ్లొచ్చు. ఒక్కటే షరతు, వేసవి మధ్యాహ్నం ఆ ఇసుక 150 డిగ్రీల దాకా కాగుతుంది, పాదాలు బొబ్బలెక్కుతాయి. పొద్దున్నే వెళ్లి 8, 9 గంటలకల్లా వెనక్కి రావాలి, లేదా పొద్దు గుంకాక వెళ్లాలి. అక్కడ పార్కు వాళ్ల పిన్యన్ ఫ్లాట్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు హుక్అప్‌లు లేవు. జూలైలో కుక్కలతో అయితే బయట ప్రైవేటుది చూసుకోండి.

మీ ప్లాన్‌లో ఉన్న రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌ని మాత్రం కొట్టేయండి. అక్కడ ఏ ట్రెయిల్ మీదికీ కుక్కల్ని రానివ్వరు. అంత దూరం వెళ్లి పార్కింగ్ లాట్లో వంతులవారీగా కాపలా కాయడమే అవుతుంది. గ్రాండ్ టీటన్‌లోనూ ఇంచుమించు అదే సంగతి, రోడ్డుకి 30 అడుగుల లోపలే. వైయోమింగ్‌లో ఒక రాత్రి పడుకుని నేరుగా ఎల్లోస్టోన్ పడమటి వైపు వెళ్లిపోండి. అక్కడ ఐదు రాత్రులు. తిరుగు ప్రయాణంలో కొలరాడో ఫారెస్ట్‌లో మూడు. అంతే.

ఇక ఎల్లోస్టోన్ సంగతి. అక్కడ కుక్కలు రోడ్లకి, పార్కింగ్‌కి, క్యాంప్‌గ్రౌండ్‌లకి 100 అడుగుల లోపలే ఉండాలి. బోర్డ్‌వాక్‌లు (చెక్క నడకదారులు), ట్రెయిల్స్, లోపలి అడవి అన్నీ నిషేధం. లీష్ 6 అడుగులకి మించకూడదు, దేనికైనా కట్టేసి వదిలి వెళ్లకూడదు. ఇది రేంజర్ల చాదస్తం కాదు. 1981లో సెలెస్టీన్ పూల్ అనే వేడినీటి గుండంలోకి ఒక కుక్క దూకేస్తే, దాన్ని కాపాడబోయి వెనకే దూకిన యువకుడు కాలిన గాయాలతో చనిపోయాడు, కుక్కా దక్కలేదు. ఆ నీళ్లు 200 డిగ్రీల పైనే ఉన్నాయి. కుక్క కంటికి అది మామూలు చెరువే. మీ బీగిల్ వాసన పట్టిందంటే ఎవరి మాటా వినదని మీరే రాశారు, అలాంటిదాన్ని ఆ ఆవరణలో కారులోంచి దింపే ముందే లీష్ చేతికి చుట్టుకుని ఉండాలి.

పార్కు లోపల ఫుల్ హుక్అప్ ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్క్ ఒక్కటే. మిగతావాటిలో కరెంటు ఉండదు, జనరేటర్‌కి వేళలు ఉంటాయి, కొన్నిట్లో అసలు అనుమతే ఉండదు. అందుకే వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్లోనో, ఐడహో వైపు ఐలండ్ పార్క్‌లోనో దిగమంటున్నాను. చుట్టూ కస్టర్ గలాటిన్, కారిబూ టార్గీ నేషనల్ ఫారెస్ట్‌లు. అక్కడి ట్రెయిల్స్‌లో చాలావాటి మీద కుక్కల్ని తిప్పొచ్చు. ఎలుగుబంట్ల ప్రాంతం కాబట్టి బేర్ స్ప్రే నడుముకి ఉండాలి, లీష్ తీయకూడదు. వదిలేసిన కుక్క ఎలుగుని రెచ్చగొట్టి, భయపడి మీ దగ్గరికే పరుగెత్తుకొస్తుంది, వెనకాలే ఎలుగూ వస్తుంది. వెస్ట్ ఎల్లోస్టోన్ 6,600 అడుగుల ఎత్తులో ఉంది. జూలైలో కూడా రాత్రుళ్లు 40ల్లోకి దిగుతుంది. లాబ్రడార్‌కి మందపాటి దుప్పటి పట్టుకెళ్లండి.

మీ ప్రశ్నలో ఎవరూ గమనించని చిక్కు ఒకటుంది. క్లాస్ సి వెనకాల కారు లేకపోతే, ఆర్‌వీని వదిలి మీరు ఎక్కడికీ వెళ్లలేరు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ (పార్కులో వేడినీళ్లు పైకి చిమ్మే గీజర్) చూడాలంటే ఇల్లు మొత్తం విప్పి, హుక్అప్‌లు తీసి, కుక్కలతో సహా అక్కడికే నడపాలి. అప్పుడు అవి ఉండేది చెట్ల కింద హుక్అప్ ఉన్న సైట్లో కాదు, పార్కింగ్ లాట్లో, తారు మీద. అద్దె కంపెనీలు చాలావరకు వెనకాల కారు కట్టుకోనివ్వవు, ఒప్పందం చదువుకోండి. మేం ఇలాంటిచోట రెండు రోజులకి కారు అద్దెకి తీసుకుంటాం. ఖర్చే, కానీ ఆ ఖర్చుతోనే రెండు వైపులా ప్రశాంతత వస్తుంది.

అదీ ఎలా వాడతామంటే, మొదటి రోజు తెల్లవారుజామున ఒకరు, అబ్బాయి కలిసి పార్కులోకి వెళ్తారు. ఇంకొకరు కుక్కలతో సైట్లోనే. మర్నాడు వంతు మారుతుంది. అబ్బాయికి రెండుసార్లు చూసే భాగ్యం. ఉండిపోయిన మనిషి నష్టపోయినట్టు మీకు అనిపించవచ్చు. మా ఇంట్లో ఆ రోజుకే పోటీ. కాఫీ, పుస్తకం, కాళ్ల దగ్గర గుర్రుపెట్టే కుక్క, ఎవరూ పిలవరు.

లోపల వదిలి వెళ్లడం గురించి. ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కుక్కల ప్రాణాలు పోయేది ఇక్కడే. బయట 70 డిగ్రీలే ఉన్నా మూసి ఉన్న కారులో అరగంటకి 104 దాకా పోతుంది. ఆర్‌వీ పెద్దది, అంత త్వరగా కాగదు అనుకుంటారు. పల్చటి గోడలు, పెద్ద కిటికీలు, ఎండలో కాలే పైకప్పు, ఏసీ ఆగితే లోపలి చల్లదనం ఎంతో సేపు నిలవదు. పైకప్పు ఏసీ కూడా మామూలుగా బయటికంటే ఓ 20 డిగ్రీలు తగ్గించగలదు, అంతే. అమరిల్లోలో బయట 102 ఉంటే లోపల 80 రావడమే గొప్ప.

ఏసీ ఎందుకు ఆగుతుందంటే చాలా మంది తుపాను, కరెంటు కోత అనుకుంటారు. మా అనుభవంలో ఎక్కువగా ఆగేది బ్రేకర్ వల్ల, వోల్టేజీ వల్ల. 30 ఆంప్ కనెక్షన్ అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీ ఒక్కటే అందులో దగ్గర దగ్గర సగం తినేస్తుంది. వాటర్ హీటర్ కరెంటు మీద పెట్టి మర్చిపోయి, మీరు వెళ్లాక రెండూ కలిసి నడిస్తే ఏదో ఒక క్షణంలో బ్రేకర్ పడిపోవచ్చు. వెళ్లే ముందు వాటర్ హీటర్‌ని ప్రొపేన్‌కి మార్చండి లేదా ఆపేయండి. ఇక వోల్టేజీ. మధ్యాహ్నం 3కి క్యాంప్‌గ్రౌండ్ మొత్తం ఏసీలు వేసుకుంటే పెడస్టల్ (సైట్లో కరెంటు ఇచ్చే స్తంభం) దగ్గర వోల్టేజీ జారిపోతుంది. పరికరాలు కాలిపోకుండా పెట్టుకునే ఈఎంఎస్ సర్జ్ ప్రొటెక్టర్ 104 వోల్టుల కిందికి రాగానే కరెంటు కట్ చేస్తుంది. అది తన పని తాను సరిగ్గానే చేస్తోంది. కానీ లోపల కుక్కలున్నాయని దానికి తెలియదు కదా. అంటే అన్నిటికంటే వేడిగా ఉన్న గంటలోనే ఏసీ ఆగే అవకాశం ఎక్కువ.

దీనికి మందు సెల్యులార్ టెంపరేచర్ మానిటర్. వైఫైతో పనిచేసేది వద్దు. కరెంటు పోతే రూటరూ పోతుంది, కబురు చెప్పాల్సిన వేళకే మూగబోతుంది. సొంత సిమ్, సొంత బ్యాటరీ ఉన్నది కావాలి. దాన్ని ఏసీ గాలి నేరుగా తగిలే చోట కాకుండా కుక్కలు పడుకునే ఎత్తులో పెట్టండి. 80 డిగ్రీలకి అలారం. అడవి దారుల్లో మీ ఫోన్‌కి సిగ్నల్ లేకపోతే ఆ అలారం ఎవరికీ వినపడదు, ఎల్లోస్టోన్ లోపల చాలా చోట్ల అదే పరిస్థితి. కాబట్టి మానిటర్ ఉందన్న ధైర్యంతో ముగ్గురూ పార్కులోకి పోవద్దు. మా నియమం, కుక్కలు లోపలుంటే ఇరవై నిమిషాల్లో తిరిగి రాగలిగినంత దూరమే, సిగ్నల్ ఉన్న చోటే. కిరాణా, లాండ్రీ, ఊళ్లో భోజనం. అంతకు మించితే ఒకరు ఉండాల్సిందే. తలుపు మీద లోపల రెండు కుక్కలున్నాయని, ఫోన్ నంబరు ఇదని కాగితం అంటిస్తాం, క్యాంప్ హోస్ట్‌కి కూడా చెప్పి వెళ్తాం.

ఒకవేళ వడదెబ్బ తగిలితే తెలిసే గుర్తులు: ఆగని రొప్పు, జిగట చొల్లు, బాగా ఎర్రబారిన చిగుళ్లు, తూలుతూ నడవడం. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 ఉంటుంది, 104 దాటితే ప్రమాదం. ముందు ఒళ్లంతా నీళ్లతో తడిపి ఫ్యాన్ గాలి తగిలేలా చేయండి, ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. ఈ వరస తిరగేయొద్దు.

ఇంకో మాట, కొన్ని క్యాంప్‌గ్రౌండ్‌లు ఆర్‌వీ లోపల కూడా కుక్కల్ని ఒంటరిగా వదలనివ్వవు. కొన్ని చోట్ల ఇన్సూరెన్స్ కారణంగా కొన్ని జాతుల్ని రానివ్వరు, మడత కంచెలు వేయనివ్వరు. వెబ్‌సైట్లో పెట్ ఫ్రెండ్లీ అని బొమ్మ వేసి ఉంటుంది, దానివల్ల ఏమీ తెలియదు. ఫోన్ చేసి అడగండి: ఎన్ని కుక్కలు, లోపల వదలొచ్చా, సైట్లో మేం కూర్చుని ఉండగా లైన్ కట్టొచ్చా. మూడు ప్రశ్నలు, రెండు నిమిషాలు.

సైట్ ఎంచుకోవడంలో డాగ్ పార్క్ పక్కన అడక్కండి. దగ్గరగా ఉంటే బాగుంటుందనిపిస్తుంది, కానీ పొద్దస్తమానం పరాయి కుక్కలు మీ గుమ్మం ముందు నుంచే పోతాయి. స్నానాల గది, డంప్ స్టేషన్ (మురుగు ట్యాంకు ఖాళీ చేసే చోటు), పిల్లల ఆట స్థలం, అడ్డదారి పడే మూల సైట్లు కూడా వద్దు. వరస చివర, బ్యాక్-ఇన్ సైట్ (బండిని వెనక్కి నడిపి పెట్టేది), పడమటి వైపు చెట్లు ఉన్నది చూడండి. మధ్యాహ్నం ఎండ పడమటి నుంచే కదా కాల్చేది. బుక్ చేసే ముందు ఉపగ్రహ చిత్రంలో చూస్తే చెట్ల నీడలు తెలిసిపోతాయి.

దిగాక మొదటి గంట ఎలా గడిపితే మిగతా రోజులు అలా ఉంటాయి. ఆపగానే ఒకరు రెండు కుక్కల్నీ లీష్ వేసి దూరంగా నడిపించుకుపోవాలి. ఇంకొకరు లెవెల్ చేసి, ప్లగ్ పెట్టి, స్లైడ్ (గోడతో సహా బయటికి జరిగి గదిని పెంచే భాగం) బయటికి తీయాలి. స్లైడ్ కదిలేటప్పుడు కుక్క లోపలా ఉండకూడదు, కిందా ఉండకూడదు. మడతపడే ఆ సందుల్లో తోకలు, కాళ్లు నలుగుతాయి. అంతా అయ్యాక వాటిని తెచ్చి సైట్ హద్దు చుట్టూ ఒక్కసారి, నింపాదిగా తిప్పుతాం. తొందరపెట్టం. మా బీగిల్ మిక్స్ చిట్టి ముక్కు నేలకి ఆనించి ఫైర్ రింగ్ (మంట వేసుకునే ఇనుప చట్రం) చుట్టూ తిరిగి, బూడిదలోంచి నల్లబడ్డ మొక్కజొన్న బెండు ఒకటి తవ్వి తీస్తుంది. ప్రతి చోటా ఏదో ఒకటి దొరుకుతుంది దానికి. బెండు కుక్క పేగుల్లో అడ్డం పడితే ఆపరేషనే. కోడి ఎముకలు, నూనె అంటిన ఫాయిల్, చెరువు పక్కనైతే గాలం ముళ్లు, అన్నీ ఆ రింగ్ దగ్గర, పిక్నిక్ బల్ల కిందే ఉంటాయి. అందుకని ఆ రౌండ్‌లో ఒక చేతిలో లీష్, ఒక చేతిలో సంచీ. తర్వాత నీళ్ల గిన్నె, ఇంటి నుంచి తెచ్చిన పాత చాప, ప్రతి మకాంలోనూ మెట్లకి అదే పక్కన. ఉతికిన కొత్త పరుపు పట్టుకెళ్లకండి, వాటి వాసన వాటికి ఉండాలి. అన్నం ఒక గంట ఆగి పెట్టండి.

రాత్రి మొరుగుడు సంగతి. నేషనల్ పార్కుల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిశ్శబ్ద వేళలు, మిగతాచోట్లా ఇంచుమించు అవే. మొరిగే కుక్కని కోప్పడితే యజమాని కూడా తనతో కలిసి అరుస్తున్నాడనుకుంటుంది. కనిపించకుండా, వినిపించకుండా చేయడమే దారి. రోడ్డు వైపు కర్టెన్లు సాయంత్రమే దించేయండి, లోపల ఫ్యాన్ నడపండి. సాయంత్రం నడక పొద్దు వాలాక పెట్టుకోండి, బాగా వాసన చూడనివ్వండి. బీగిల్‌కి మూడు మైళ్ల నడకకంటే అరగంట వాసన చూడడం ఎక్కువ అలుపు. అన్నిటికంటే ముఖ్యం, బయలుదేరేలోపే అలవాటు చేయడం. అద్దె బండిని ఒక రోజు ముందే తెచ్చుకుని ఇంటి ముందు పెట్టి, అన్నం అందులోనే పెట్టి, జనరేటర్ చప్పుడు వినిపించి, ఒక రాత్రి అందరూ అందులోనే పడుకోండి. వాటిని లోపల ఉంచి పది నిమిషాలు బయట నిలబడి వినండి. ఫోన్‌లో రికార్డ్ చేసి అరగంట తర్వాత చూడండి. ఆ అరగంటా బీగిల్ ఏడుస్తూనే ఉంటే, క్యాంప్‌గ్రౌండ్‌లో దాన్ని వదలొద్దు, ఇక అందులో చర్చ లేదు.

బండి కదులుతున్నప్పుడు రెండూ కట్టి ఉండాలి. లాబ్రడార్‌కి హార్నెస్, సీటుబెల్టుకి. బీగిల్‌కి క్రేట్, క్రేట్ కూడా కదలకుండా బిగించి. డ్రైవర్ పైనున్న మంచం మీద పడుకోబెట్టకండి, గట్టిగా బ్రేకు వేస్తే అద్దం మీదికే వస్తాయి. డాష్‌బోర్డ్ ఏసీ గాలి వెనక్కి చేరదు. టెక్సస్ ఎండలో జనరేటర్ వేసి పైకప్పు ఏసీ నడుపుతూనే వెళ్లండి, పెట్రోలు పోసేటప్పుడు జనరేటర్, ప్రొపేన్ రెండూ ఆపండి. ట్రైలర్ లాగేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, కుక్కల్ని ట్రైలర్లో పెట్టి లాగొద్దు.

లాబ్రడార్‌కి మెట్లు పెద్ద సమస్య అవుతుంది. ఆర్‌వీ మెట్లు జల్లెడలా ఉంటాయి, గోళ్లు ఇరుక్కుంటాయి, ఒక్కసారి ఇరుక్కుంటే మళ్లీ ఎక్కనని మొండికేస్తుంది. మెట్లకి తొడిగే కార్పెట్ కవర్లు దొరుకుతాయి. లేదా నడుము దగ్గర పట్టు ఉన్న హార్నెస్ వేసి మీరే సాయం పట్టండి.

తిండి, నీళ్లు. అదే బ్రాండు మేత రెండు వారాలకి సరిపడా తీసుకెళ్లండి. ఊరూరా నీళ్లు మారితే విరేచనాలు పట్టుకోవచ్చు, వాటికీ ఫిల్టర్ నీళ్లే పోయండి. పచ్చగా తెట్టు కట్టిన చెరువుల దగ్గరికి అసలు పోనివ్వకండి, ఆ నాచులో కొన్ని రకాలు గంటల్లో ప్రాణం తీస్తాయి. మనవాళ్లతో వచ్చే ఇంకో ప్రమాదం, ఉల్లిపాయ వెల్లుల్లి పడని కూర మన వంటలో ఉండదు, కిస్‌మిస్ లేని పాయసం ఉండదు. ఇవన్నీ కుక్కలకి విషమే. సైట్లో అందరూ కలిసి తింటున్నప్పుడు ఎవరో ఒకరు జాలిపడి ముద్ద పడేస్తారు, ముందే చెప్పి పెట్టండి. జైలిటాల్ (చక్కెరకి బదులు వాడే తీపి పదార్థం) ఉన్న చూయింగ్ గమ్ అబ్బాయి జేబులో ఉంటుంది, అది అన్నిటికంటే ప్రమాదం. ఎలుగుల ప్రాంతంలో కుక్క మేత, ఖాళీ గిన్నె కూడా ఆహారం కిందే లెక్క, రాత్రి బయట వదలకూడదు.

కాగితాల్లో రేబిస్ సర్టిఫికెట్ తప్పనిసరి. మైక్రోచిప్‌లో ఫోన్ నంబరు పాతదైతే మార్పించండి. డాక్టర్‌ని అడిగి గోమార్లకి, హార్ట్‌వార్మ్‌కి మందు, లెప్టోస్పైరోసిస్ టీకా వేయించండి. మేం ప్రతి మకాంలో మెడపట్టీకి ఒక టేప్ ముక్క చుట్టి దాని మీద క్యాంప్‌గ్రౌండ్ పేరు, సైట్ నంబరు రాస్తాం. తప్పిపోయిన కుక్కని పట్టుకున్నవాళ్లు ఫోన్ సిగ్నల్ కోసం వెతుక్కోకుండా నడిపించుకొచ్చి అప్పజెప్పొచ్చు.

చివరిగా తేదీలు. అబ్బాయి బడి గురించి రాశారు కాబట్టి అడుగుతున్నాను, జూలై ఎందుకు? టెక్సస్ బడులు మే ఆఖరుకే అయిపోతాయి. జూన్ మొదటి రెండు వారాల్లో వెళ్తే అమరిల్లో దారి ఇంకా భరించగలిగేలా ఉంటుంది, శాండ్ డ్యూన్స్ ముందు మెడానో క్రీక్‌లో మంచు కరిగిన నీళ్లు పారుతుంటాయి, లాబ్రడార్‌కి అంతకంటే ఏం కావాలి. ఎల్లోస్టోన్ రాత్రుళ్లు మాత్రం బాగా చలిగా ఉంటాయి, హీటర్‌కి ప్రొపేన్ నిండా ఉంచుకోవాలి. ఫారెస్ట్ క్యాంప్‌గ్రౌండ్‌లలో చాలావాటిని రిక్రియేషన్.గవ్‌లో ఆరు నెలల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు. వారాంతాలు నిండిపోతాయి, ఆదివారం దిగి గురువారం లేచేలా వెతికితే దొరుకుతాయి. ఎవరో రద్దు చేసుకున్నవి కూడా వచ్చిపోతుంటాయి, రోజూ ఒకసారి చూస్తూ ఉండండి. తేదీలు మార్చగలిగితే ఇక్కడే రాయండి. వైయోమింగ్‌లో ఆ ఒక్క రాత్రి ఎక్కడ ఆగితే బాగుంటుందో మీ మైళ్లని బట్టి చూసి చెబుతాను.